318 మలుపులు, ఓ పాత కారు, మా నాన్న

అమెరికాలో ఓ రోడ్డుంది. పొడవు 11 మైళ్ళు, అంటే మన లెక్కలో 18 కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఆ కాస్త దూరంలో 318 మలుపులు! నార్త్ కరోలినా, టెన్నెసీ రాష్ట్రాల సరిహద్దులో, గ్రేట్ స్మోకీ కొండల అంచున ఉంటుంది. కాగితాల మీద దాని పేరు యూఎస్ 129. బైకులవాళ్ళు, స్పోర్ట్స్ కార్లవాళ్ళు పిలుచుకునే పేరు మాత్రం ‘టెయిల్ ఆఫ్ ది డ్రాగన్’. డ్రాగన్ తోక అన్నమాట. ఆ దారిలో అడ్డరోడ్లు లేవు, ఇళ్ళు లేవు, ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు. వేగ పరిమితి గంటకు 30 మైళ్ళే. అయినా ఎక్కడెక్కణ్ణుంచో జనం బళ్ళేసుకుని వస్తారు.

ఆ రోడ్డు మీదకి నా కారులో వెళ్ళాలని మూడేళ్ళు అనుకున్నా. మొన్న మే నెలాఖరులో వెళ్ళా కూడా. కాకపోతే దానికి పదిహేను మైళ్ళ ఇవతల, రాబిన్స్‌విల్ అనే చిన్న ఊళ్ళో, కారు విడిభాగాల దుకాణం ముందు సిమెంటు నేల మీద వెల్లకిలా పడుకుని, బండి కింద నుంచి మా నాన్న మీద కేకలేశా. ఈ కథలో మలుపులకంటే ఆ గంటన్నరే నాకు ఎక్కువ గుర్తుంది.

ముందు కారు సంగతి చెప్తా.

నాది మాజ్డా మియాటా. మిగతా చాలా దేశాల్లో దీన్నే ఎంఎక్స్-5 అంటారు. 1989లో షికాగో ఆటో షోలో మొదటిసారి జనానికి చూపించారు. రెండే సీట్లు, పైన మడత పెట్టే గుడ్డ టాపు, ఇంజిను ముందు, బండిని తోసేది వెనక చక్రాలు. అప్పటికి ఇంగ్లండ్, ఇటలీల పాత చిన్న స్పోర్ట్స్ కార్లు దాదాపు కనుమరుగయ్యాయి. జపాన్‌వాళ్ళు అదే సరదాని, రోజూ నమ్మకంగా స్టార్టయ్యే బండిలో పెట్టి ఇచ్చారు. 2016కల్లా పది లక్షల బళ్ళు తయారయ్యాయి. ‘జిన్బా ఇత్తాయ్’ అని జపాన్‌వాళ్ళ మాట ఒకటుంది. గుర్రమూ దాని మీద రౌతూ ఒకటైపోవడం. ఆ మాట పెట్టుకునే ఈ కారు గీశామని వాళ్ళు చెప్పుకుంటారు.

నాది 1992 మోడల్, ఎరుపు. 1.6 లీటర్ల ఇంజిను, 116 హార్స్‌పవర్. బరువు దాదాపు ఒక టన్ను. షార్లెట్‌లో మా అపార్ట్‌మెంట్ల ముందు నిలబడే ఏ ఫ్యామిలీ ఎస్‌యూవీ అయినా పవర్‌లో దీన్ని తినేస్తుంది. అయినా టాపు తీసి, గేరు మారుస్తూ వెళ్తుంటే 40 మైళ్ళ వేగం కూడా పెద్ద సాహసంలా ఉంటుంది. హెడ్‌లైట్లు బానెట్‌లో దాక్కుని ఉంటాయి. బటన్ నొక్కితే కళ్ళు తెరిచినట్టు పైకి లేస్తాయి. నిజం చెప్పాలంటే నేను కొన్నది ఆ కళ్ళు చూసే.

4,200 డాలర్లు పెట్టి కొన్నా. అప్పటికే 1,48,000 మైళ్ళు తిరిగిన బండి. ఏసీ పనిచెయ్యదు. వెనక ప్లాస్టిక్ అద్దం పాలు పోసినట్టు తెల్లబడిపోయింది. మొదటి వానకే సీట్ల వెనక నీళ్ళు నిలిచాయి. ఇదేంట్రా అని వెతికితే తెలిసింది: టాపు మీద పడ్డ నీళ్ళు కిందికి పోవడానికి రెండు సీట్ల వెనకా చెరో రంధ్రం ఉంటుంది. ఆకులూ మట్టీ చేరి అది పూడుకుపోతే నీళ్ళు తలుపు కింది రేకు లోపలికి చేరతాయి, రేకుని లోపల్నుంచి తినేస్తాయి. పైకి రంగు బుడగలా లేచేదాకా మనకి తెలీదు. పాత మియాటా కొనాలని ఎవరికైనా ఉంటే ఇంజిను చూసేముందు అక్కడ వేలితో తట్టి చూడండి.

తర్వాత ఇంజిను వెనక ఆయిలు కారడం మొదలైంది. ఓ షెడ్డుకి తీసుకెళ్తే గేర్‌బాక్సు దించాలి, 1,200 డాలర్లవుతుంది అన్నారు. ఇక్కడ మెకానిక్ కూలీ గంటకి వంద డాలర్ల పైమాటే. నాకు గుండె జారింది. ఆ రాత్రంతా కూర్చుని సర్వీస్ మాన్యువల్ చదివా. ఇంజిను వెనక చివర క్యామ్ యాంగిల్ సెన్సర్ అని ఒకటుంది. దానికో రబ్బరు రింగు. ఏళ్ళు గడిచేకొద్దీ అది బిగుసుకుపోయి ఆయిలు వదిలేస్తుంది. ఆ ఆయిలు సరిగ్గా గేర్‌బాక్సు మొదట్లో కారుతుంది కాబట్టి చూసినవాళ్ళు లోపలి సీలు పోయిందనుకుంటారు. రింగు వెల మూడు డాలర్లు. చెయ్యి దూరదు, కనపడదు, తడుముకుంటూ పనిచెయ్యాలి. ఓ ఆదివారం పోయింది, రెండు వేళ్ళు చీరుకున్నాయి. కానీ కారడం ఆగింది!

ఆ రోజునుంచీ పిచ్చి పట్టింది. 10, 12, 14, 17 సైజు సాకెట్లుంటే ఈ కారులో చాలా భాగం విప్పెయ్యొచ్చు.

ఇప్పుడు మా నాన్న సంగతి.

నాన్న విజయవాడ ఆటోనగర్‌లో 34 ఏళ్ళు మెకానిక్. మొదట్లో లారీలు, అంబాసిడర్లు, తర్వాత్తర్వాత మారుతీలు. జవహర్ ఆటోనగర్ ఆసియాలోనే పెద్దదని మావాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. ఆ వీధుల్లో పుట్టి పెరిగినట్టే లెక్క నేను. స్కూలు వదలగానే పటమటలో ఇంటికి పోకుండా షెడ్డుకే పోయేవాణ్ణి. వెల్డింగు వెలుగులు, కిరసనాయిల్లో కడిగిన సామాన్ల వాసన, లారీ బాడీల మీద రేకు కొట్టే చప్పుడు. కానీ పానా ముట్టుకోనిచ్చేవాడు కాదు. బండి కిందకి తల వంచితే చాలు, మెడ పట్టుకుని లాగేవాడు. ‘నీకెందుకురా ఈ మసి, పోయి చదువుకో’ అనేవాడు.

నాకు అప్పజెప్పిన పని ఒక్కటే. బ్రేకులకి ఎయిర్ తీసేటప్పుడు డ్రైవర్ సీట్లో కూర్చుని పెడల్ తొక్కడం. కింద నుంచి నాన్న ‘తొక్కు’ అంటే తొక్కాలి, ‘పట్టుకో’ అంటే కాలు తియ్యకూడదు, ‘వదులు’ అంటే వదలాలి. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. కాలు అందక సీటు అంచు మీదకి జారి కూర్చునేవాణ్ణి. స్టీరింగు మీదనుంచి రోడ్డు కూడా కనపడేది కాదు.

ఈ ఏడాది మార్చిలో అమ్మా నాన్నా ఆర్నెల్లకని వచ్చారు. ఇక్కడికొచ్చిన పెద్దవాళ్ళ పరిస్థితి మీకు చెప్పక్కర్లేదు. వారం రోజులు అద్భుతంగా ఉంటుంది. రెండో వారం నుంచి కిటికీలోంచి ఖాళీ రోడ్డు చూస్తూ కూర్చోవడమే. అమ్మకి గుడీ, వంటిల్లూ, మా ఆవిడతో కబుర్లూ ఉన్నాయి. నాన్నకి ఏం లేదు. పైగా రెండేళ్ళుగా కుడి చెయ్యి వణుకుతోంది. షెడ్డు వదిలేసింది కూడా అందుకే. టీ గ్లాసు ఎడం చేత్తో పట్టుకుంటాడు, ఎవరూ చూడట్లేదనుకుని.

మియాటాని మొదటిసారి చూసినప్పుడు ఏమీ అనలేదు. చుట్టూ తిరిగాడు. నాలుగు మూలలా నొక్కి వదిలి షాక్ అబ్జార్బర్లు చూశాడు. ఆయిల్ కర్ర తీసి వాసన చూశాడు. బ్యాటరీ ఎక్కడరా అన్నాడు. డిక్కీలో ఉందని చూపిస్తే నవ్వాడు. హెడ్‌లైట్లు లేపితే ఇంకా నవ్వాడు. చివర్లో నా చేతులు చూసి, “ఇంజినీరింగ్ చదివించింది దీనికా?” అన్నాడు. అది కోపమో మరేంటో నాకు అర్థం కాలేదు.

ఏప్రిల్‌లో క్లచ్ పెడల్ మెత్తబడింది. ఈ కారులో క్లచ్‌కి తీగ ఉండదు, ఆయిలే. పెడల్ తొక్కితే పైన మాస్టర్ సిలిండర్ ఆయిల్‌ని గొట్టంలోకి తోస్తుంది. ఆ ఒత్తిడి కింద గేర్‌బాక్సు పక్కనున్న స్లేవ్ సిలిండర్‌కి చేరి, అది క్లచ్ ఫోర్కుని నెడుతుంది. రెంటిలోనూ ఉండేది చిన్న రబ్బరు కప్పులే. ముప్ఫై ఏళ్ళ రబ్బరు ఏదో ఒక రోజు కారక మానదు. నాకు మాస్టర్ దగ్గర తడి కనిపించింది. మార్చడం మొదలెట్టా.

నాన్న గరాజ్‌లో స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు. “పైది కొత్తది వేస్తే ఒత్తిడి పెరుగుతుంది. కింద పాతది తట్టుకోదు. రెండూ కలిపే మార్చు” అన్నాడు.

“కింద ఏం కారట్లేదు నాన్నా. నేను మాన్యువల్ మొత్తం చదివా.”

ఆ మాట అనకుండా ఉండాల్సింది. నాన్న లేచి లోపలికి వెళ్ళిపోయాడు. నాకు సిగ్గేసి ఆ రాత్రే స్లేవ్ సిలిండర్ కూడా ఆర్డర్ పెట్టా. వచ్చింది. అప్పటికి క్లచ్ బాగానే పడుతోంది కదా, మళ్ళీ బండి ఎవడు లేపుతాడులే అని అట్టపెట్టెతో సహా డిక్కీలో బ్యాటరీ పక్కన పడేశా.

ఇక ప్రయాణం. రెండు సీట్ల కారు కాబట్టి వెళ్ళగలిగేది ఇద్దరే. అమ్మ పులిహోర కట్టిచ్చింది. తెల్లారుజామున ఐదింటికి బయల్దేరాం. నాన్న మోకాళ్ళకి ఈ కారులో కూర్చోవడం పెద్ద పని. “బావిలోకి దిగినట్టుందిరా” అంటూ దిగాడు.

షార్లెట్ నుంచి యూఎస్ 74 మీద షెల్బీ దాటి పడమరకి పోతుంటే భూమి మెల్లగా మడతలు పడుతుంది. యాష్‌విల్ దాటాక అసలు కొండలు. ఆ పొద్దుట లోయల్లో మంచు దట్టంగా ఉంది. స్మోకీ కొండలన్న పేరు ఎందుకొచ్చిందో చూడగానే తెలుస్తుంది. చెట్ల మీదనుంచి పొగ లేస్తున్నట్టే ఉంటుంది. వేన్స్‌విల్ తర్వాత బాల్సమ్ గ్యాప్ ఎక్కేటప్పుడు నాన్న చూపంతా మీటర్ల మీదే. ఈ తొలి మోడళ్ళలో ఆయిల్ ప్రెషర్ మీటరు ఉత్తుత్తిది కాదు, నిజంగానే కొలుస్తుంది. ఇంజిను వేగం పెరిగితే ముల్లు లేస్తుంది, తగ్గితే దిగుతుంది. నాన్నకి అది తెగ నచ్చింది. బయట అంత పచ్చదనం ఉంటే ఆయన ఆ ముల్లు చూస్తూ కూర్చున్నాడు.

“వెనక ఎడం వైపు ఏదో కిర్రుమంటోంది.”

“టాపు ఫ్రేము నాన్నా.”

“కాదు, దాని కింద.”

నిజమే. సీటు బెల్టు బిగించే చోట ఓ స్క్రూ లూజు. నేను మూడేళ్ళుగా టాపు ఫ్రేమనుకుంటున్నా!

సిల్వా, బ్రైసన్ సిటీ దాటి, రాబిన్స్‌విల్ వైపు తిరిగాం. ఊరు ఇంకో రెండు మైళ్ళుందనగా పెడల్ ఏదోలా అనిపించింది. ఒకటికి రెండుసార్లు తొక్కితే గానీ గేరు పడట్లేదు. నేనేం మాట్లాడలేదు. నాన్నా ఏం మాట్లాడలేదు. ఊరి మొదట్లో ఆగాల్సి వచ్చి తొక్కితే పెడల్ నేరుగా నేలకి అతుక్కుపోయింది, తిరిగి లేవలేదు. ఇంజిను ఠక్కున ఆగిపోయింది. వెనక ఓ పికప్ ట్రక్కు.

నాకు చెమటలు పట్టాయి. నాన్న మాత్రం నిమ్మళంగా, “ఫస్ట్ గేర్లోనే ఉంచు. అలాగే తాళం తిప్పు” అన్నాడు. తిప్పా. స్టార్టర్ మోటారు బండిని ఓ రెండడుగులు గెంటింది, ఇంజిను అందుకుంది, బండి కదిలింది. “ఇప్పుడు యాక్సిలేటర్ కాస్త వదులు... గేరు న్యూట్రల్లోకి లాగు... ఆగు, ఇంజిను దిగనియ్... దిగనియ్... ఆ, ఇప్పుడు పెట్టు.” క్లచ్ లేకుండా సెకండ్ గేరు వెన్నలో కత్తిలా దిగింది. నాన్న రోడ్డు చూడట్లేదు. కళ్ళు మూసుకుని ఇంజిను చప్పుడు వింటున్నాడు. పాత లారీ గేర్‌బాక్సుల్లో ఇంజిను వేగం, గేరు వేగం చెవితో కలుపుకోవాల్సిందే. క్లచ్ పోయిన లారీలని నాన్న అలాగే ఆటోనగర్ దాకా తెచ్చేవాడట. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

విడిభాగాల దుకాణం ముందు ఓ మూల బండి ఆపా. దుకాణం కుర్రాడు కంప్యూటర్లో చూసి, మీ కారు స్లేవ్ సిలిండర్ మా దగ్గర లేదు, రేపు మధ్యాహ్నానికి తెప్పిస్తా అన్నాడు. నాన్న నా మొహం చూశాడు. నేను డిక్కీ తీసి అట్టపెట్టె బయటపెట్టా.

‘నే చెప్పలా’ అంటాడనుకున్నా. అనలేదు. పెట్టె విప్పి, సిలిండర్ని ఎడం చేత్తో తిప్పి చూసి, “బ్రేక్ ఆయిల్ ఓ డబ్బా తీసుకురా. డాట్ 3. గుడ్డలు కూడా” అన్నాడు.

బండి ఎత్తడం దగ్గర పేచీ వచ్చింది. నా దగ్గరున్నది కారుతో వచ్చిన జాకీ ఒక్కటే. అది టైరు మార్చడానికి తప్ప కింద దూరడానికి పనికిరాదు. నాకూ తెలుసు. కానీ రెండే బోల్టులు, అయిదు నిమిషాల పని అని వంగా. నాన్న నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. షెడ్డులో చిన్నప్పుడు లాగినట్టే. కాకపోతే ఇప్పుడు ఆ చెయ్యి వణుకుతోంది.

రోడ్డుకి అవతల టైర్ల షెడ్డు ఒకటుంది. నాన్న నాతో చెప్పకుండా అటు నడిచాడు. నాన్నకి ఇంగ్లిష్ రాదు. నేను పరుగెత్తి వెళ్ళేసరికి అక్కడి పెద్దాయన ముందు నిలబడి, రెండు చేతులతో బండి ఎత్తడం, కింద ఏదో పెట్టడం చూపిస్తున్నాడు. ఆయన నాన్న గోళ్ళ చివర్ల కేసి చూశాడు. ఎన్నేళ్ళు కడిగినా ఆ నలుపు పోలేదు. ఏమీ అడక్కుండా రెండు స్టాండ్లు, ఓ ట్రాలీ జాకీ తెచ్చి ఇచ్చాడు.

ముందు భాగం ఎత్తి స్టాండ్ల మీద దించాక కూడా నాన్న నన్ను దూరనివ్వలేదు. భుజంతో బండిని గట్టిగా నెట్టి చూశాడు. ఇంకోసారి నెట్టాడు. విప్పిన చక్రాన్ని కారు అంచు కిందకి అడ్డంగా తోశాడు. స్టాండు జారినా బండి చక్రం మీద పడుతుంది, మనిషి మీద కాదు.

అప్పుడు చెప్పాడు. షెడ్డులో హెల్పర్ కుర్రాడొకడి చెయ్యి నలిగిపోయిందని అమ్మ ఎప్పుడో చెప్పగా విన్నా. నాన్న నోట ఎప్పుడూ వినలేదు.

“వాడికి పదహారేళ్ళు. జాకీ పెట్టింది నేనే. అర్జెంటు బండి, స్టాండ్లు వేరేవాడు పట్టుకుపోయాడు. వచ్చేదాకా ఆగలేదు.” అంతే. కాసేపాగి, “పో, ఇక దూరు” అన్నాడు.

కిందకి దూరి చూస్తే స్లేవ్ సిలిండర్ కుడి వైపు, గేర్‌బాక్సు పక్కన. రబ్బరు టోపీ వెనక్కి తీయగానే నల్లటి ఆయిలు నా మోచేతి మీదుగా చొక్కాలోకి కారింది. పెట్టెలో పడున్న కొత్తది నెల్లాళ్ళ క్రితమే ఇక్కడ ఉండాల్సింది. 12 సైజు బోల్టులు రెండు. ఒకటి వెంటనే వచ్చింది. రెండోది రాలేదు. నా పానా జారుతోంది. పైనుంచి నాన్న, “సగం తిప్పి ఆపు. మళ్ళీ బిగించు. మళ్ళీ విప్పు. తుప్పు పట్టినదాన్ని ఒకే దిక్కుకి లాగితే తెగుతుంది” అంటున్నాడు. చూడకుండానే చెప్తున్నాడు. ఆ బోల్టు ఎలా కదులుతోందో పానా చప్పుడు బట్టి తెలిసిపోతోంది ఆయనకి.

కొత్తది బిగించాక ఎయిర్ తీయడం. గొట్టంలో గాలి బుడగ ఒక్కటి మిగిలినా పెడల్ పనిచెయ్యదు. గాలి నలుగుతుంది, ఆయిలు నలగదు. అందుకని ఒకరు పైన పెడల్ తొక్కి పట్టాలి, ఒకరు కింద చిన్న నిపుల్ వదులు చేసి గాలి వదిలి మళ్ళీ బిగించాలి. బిగించాకే పైవాళ్ళు కాలు తియ్యాలి. ఇద్దరి పని ఇది.

నాన్న డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. నేను కింద.

“తొక్కు!”

“తొక్కా.”

“పట్టుకో!” నిపుల్ వదిలా. బుడబుడమంటూ నురగ వచ్చింది. బిగించా. “వదులు!”

అలా పదిసార్లు. ఇక్కడో జాగ్రత్త చెప్పాలి. ఈ కారులో క్లచ్ ఆయిల్ డబ్బా చాలా చిన్నది. నాలుగైదు తొక్కుళ్ళకే అడుగంటుతుంది. అడుగంటితే మళ్ళీ గాలి లాగి కథ మొదటికొస్తుంది. అందుకని మధ్యమధ్యలో లేచి పోస్తుండాలి. చేతికంటిన ఆయిలు రంగు మీద పడితే రంగుని తినేస్తుంది, వెంటనే నీళ్ళతో కడగాలి.

ఎంతకీ పెడల్ గట్టిపడదు. నాకు విసుగొచ్చింది. “నాన్నా, నువ్వు ముందే కాలు తీసేస్తున్నావ్! నేను చెప్పేదాకా ఆగు!” అని గట్టిగా అరిచా. దుకాణంలోంచి ఎవరో బయటికొచ్చి చూశారు.

కాసేపు పైనుంచి చప్పుడు లేదు. తర్వాత మెల్లగా, “కాలు తియ్యలేదు రా. నువ్వు బిగించకుండానే వదలమంటున్నావ్. గాలి లోపలికి లాగుతోంది, కాలికి తెలుస్తోంది” అన్నాడు.

చూసుకుంటే నిజమే. హడావుడిలో బిగించకముందే నా నోరు ‘వదులు’ అనేస్తోంది.

“మళ్ళీ మొదలెట్టు. నేను చెప్తా, నువ్వు చెయ్యి” అన్నాడు. అక్కణ్ణుంచి కేకలు నాన్నవి. “తొక్కా. వదులు చెయ్యి. బిగించు. బిగించావా? తీస్తున్నా.” చెయ్యి వణికినా కాలు వణకలేదు. ఏడోసారికి ఆయిలు బుడగ లేకుండా సన్నటి దారంలా వచ్చింది. ఎనిమిదోసారి నేను కింద ఉండగానే, “గట్టిపడింది” అన్నాడు.

స్టాండ్లు తిరిగి ఇచ్చేటప్పుడు టైర్ల పెద్దాయనకి పులిహోర పెట్టాం. మిరపకాయ కొరికి ఆయన పడ్డ అవస్థ వేరే కథ.

సాయంత్రం నాలుగింటికి రాబిన్స్‌విల్ వదిలాం. దారి చియోవా నది పక్కనే సాగుతుంది. చియోవా డ్యామ్ దగ్గర కాసేపు ఆగాం. 1993లో వచ్చిన ‘ది ఫ్యుజిటివ్’ సినిమాలో హారిసన్ ఫోర్డ్ పైనుంచి నీళ్ళలోకి దూకేది ఈ డ్యామ్ మీదనుంచే. నాన్నకి సినిమా గురించి చెప్తే, “గేట్లకి గ్రీజు బాగా పెడుతున్నారు” అన్నాడు.

డీల్స్ గ్యాప్ దగ్గర ఓ మోటార్‌సైకిల్ రిసార్టు ఉంది. దాని ముందు ఓ చెట్టు. పేరు ‘ట్రీ ఆఫ్ షేమ్’, సిగ్గు చెట్టు. ఆ రోడ్డు మీద పడిపోయిన బైకుల ముక్కలన్నీ దానికి వేలాడదీస్తారు. మొక్కుబడి చెట్టుకి గుడ్డలు కట్టినట్టు విరిగిన అద్దాలు, వంగిన హ్యాండిళ్ళు, పగిలిన ఫైబరు ముక్కలు. కుర్రాళ్ళు దాని ముందు సెల్ఫీలు దిగుతున్నారు. నాన్న మాత్రం ఒక్కో ముక్కా పట్టి చూస్తూ చాలాసేపు ఉన్నాడు. “ఇది కుడి వైపు పడ్డాడు. ఇది బ్రేక్ గట్టిగా పట్టేశాడు” అని లెక్కలు. తర్వాత నావైపు తిరిగి, “నిదానంగా పో” అన్నాడు.

నిదానంగానే పోయాం. టాపు తీసేశాం. రోడ్డు రెండు వైపులా చెట్లు కమ్ముకుని ఉంటాయి, ఎండ ముక్కలు ముక్కలుగా పడుతుంది. ఓ మలుపు పూర్తికాకముందే ఇంకోటి. సెకండ్, థర్డ్, మళ్ళీ సెకండ్. 30 మైళ్ళ వేగంలో కూడా చేతులకి క్షణం తీరిక లేదు. వెనక బైకు వస్తే పక్కన ఆగే చోటు చూసి దారిచ్చా. అలా ఇవ్వడం అక్కడ మర్యాద. క్లచ్ తొక్కిన ప్రతిసారీ అడుగున ఉన్న ఆ చిన్న సిలిండర్ కదులుతున్నట్టు కళ్ళకి కట్టేది. కారుని చాలాసార్లు నడిపా గానీ అంత దగ్గరగా ఎప్పుడూ లేను.

మధ్యలో నాన్న, “మారేడుమిల్లి ఘాట్ ఇలాగే ఉండేది” అన్నాడు. ఓసారి యాక్సిల్ విరిగిన లారీ కోసం సామాన్లు భుజాన వేసుకుని బస్సులో అక్కడికెళ్ళి, రెండు రాత్రులు బండి కిందే పడుకుని బాగుచేసి వచ్చాడట. అప్పుడు నేను రెండో తరగతి. ఆ రెండ్రోజులూ నాన్న ఎక్కడికెళ్ళాడో నేను అడిగినట్టు కూడా గుర్తులేదు.

టెన్నెసీ వైపు, కాల్డర్‌వుడ్ డ్యామ్ దూరంగా కనిపించే చోట ఆగాం. నాన్న దిగి, వంగి, స్లేవ్ సిలిండర్ ఉన్న చోట నేల మీద చుక్క పడిందేమో చూశాడు. పడలేదు. చేత్తో కూడా తడిమి చూద్దామనుకున్నాడు గానీ మోకాళ్ళు వంగలేదు. నేను పడుకుని తడిమి, వేళ్ళు చూపించా. పొడిగా ఉన్నాయి.

ఆ రోడ్డు మలుపుల్లో ఫొటోగ్రాఫర్లు కూర్చుని వెళ్ళే బళ్ళన్నిటినీ తీస్తారు. తర్వాత ఆన్‌లైన్లో వెతుక్కుని కొనుక్కోవచ్చు. మాదీ దొరికింది. ఎర్ర కారు, కళ్ళు మూసుకున్న హెడ్‌లైట్లు, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్న నేను. పక్కన నాన్న కెమెరానీ చూడట్లేదు, రోడ్డునీ చూడట్లేదు. తల కాస్త కిందకి వంచి గేర్‌బాక్సు వైపు చెవి పెట్టి ఉన్నాడు. అమ్మకి చూపిస్తే, “ఈయనకి నిద్ర పట్టినట్టుంది” అంది.

అమ్మా నాన్నా సెప్టెంబర్లో వెళ్ళిపోయారు. ఈలోగా ఇద్దరం కలిసి రేడియేటర్ మార్చాం. పై ప్లాస్టిక్ ట్యాంకు నల్లగా ఉండాల్సింది మట్టిరంగుకి తిరిగింది. అది ఇక పగిలే రోజు దగ్గరపడ్డట్టు. నేను విప్పా, నాన్న స్టూలు మీద కూర్చుని క్లిప్పులు, బోల్టులు వరసగా గుడ్డ మీద పేర్చాడు. ఎడం చేత్తో.

వాళ్ళని ఎయిర్‌పోర్టులో దింపి వచ్చి గరాజ్ తలుపు తీస్తే, గోడకి రేడియేటర్ అట్టపెట్టె ముక్క ఒకటి అంటించి ఉంది. మార్కర్‌తో, వంకర అక్షరాలతో రాశాడు. వాల్వ్ కవర్ గాస్కెట్ చెమ్మగా ఉంది, చూడు. వెనక బ్రేకులు ఇంకో ఏడాది వస్తాయి. స్టాండ్లు కొను, మంచివి. కిందన ఓ గీత గీసి: టైమింగ్ బెల్ట్ ఇప్పుడే ముట్టుకోకు. వచ్చే ఏడాది నేనొచ్చాక.